బిడ్డ కొరకు కనిపెట్టుచున్న గృహము



మన కార్యక్రమానికి వచ్చే ఉత్తరాలలో ప్రార్థన మనవులే ఎక్కువ. వాటిలో ఒక రకం మనవి ఈ మధ్య తరచుగా కనబడుతున్నది. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు దంపతులు ఇండియా నుండి ఒక బిడ్డను దత్తత తీసుకోవాలని దరఖాస్తు పెట్టుకొని, సంవత్సరాల తరబడి ఎదురు చూస్తున్నారు. "అయ్యగారూ, మేము అనర్హులమని దేవుడే ఆపుతున్నాడా?" అని అడిగేవారున్నారు. ఇక్కడ గుంటూరులోనో ఖమ్మంలోనో ఉన్న వారి తల్లిదండ్రులేమో, "ఫీజులన్నీ కట్టారు గదా, బిడ్డను ఇంకా ఎందుకివ్వరు?" అంటారు. మొదటి ప్రశ్నకు సగం జవాబు ఢిల్లీలోని ఒక కార్యాలయపు నిబంధనలలోనే ఉన్నది. కాబట్టి నేడు కొంచెం చట్టం కూడ మాట్లాడుకుందాము. విసుగుకొనక వినండి.

మొదట మన క్రైస్తవుల సంగతి చెప్పాలి. 1956లో వచ్చిన హిందూ దత్తత చట్టం హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు వర్తిస్తుంది. మనకు అలాంటి చట్టం లేదు. అందుచేత ఒక బిడ్డను ప్రేమతో ఇంటికి తెచ్చుకొన్న క్రైస్తవ దంపతులు చాలా కాలం వరకు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం క్రింద సంరక్షకులుగా మాత్రమే ఉండవలసి వచ్చేది. చట్టం దృష్టిలో ఆ బిడ్డ వారి కన్నబిడ్డతో సమానం కాదు. బిడ్డ పెద్దవాడు కాగానే సంరక్షకత్వం ముగిసేది. జువెనైల్ జస్టిస్ చట్టం వచ్చి, 2006లో దానికి సవరణ జరిగిన తరువాతనే ఏ మతస్థులైనా దత్తత తీసుకొని పూర్తి తల్లిదండ్రులు కాగలిగే మార్గం స్పష్టంగా తెరుచుకొన్నది. 2014లో షబ్నం హష్మీ కేసులో సుప్రీంకోర్టు ఆ సంగతిని ఖాయపరచింది. ఇప్పుడు అమలులో ఉన్నది 2015 నాటి చట్టం. మన సంఘాలలో ఇప్పటికీ "పెంపుడు బిడ్డ" అని చెవిలో చెప్పుకొంటారే, ఆ మాటను ఇక విడిచిపెట్టవచ్చు. చట్టం విడిచిపెట్టింది, మనం ఎందుకు పట్టుకొని వ్రేలాడాలి?

ఇక విదేశంలో ఉన్నవారి దారి చూద్దాము. దేశాల మధ్య జరిగే దత్తతలకు 1993లో హేగ్ నగరంలో ఒక ఒడంబడిక కుదిరింది. ఇండియా దానిలో 2003లో చేరింది. అమెరికాకు అది 2008 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. మన దేశం తరపున ఈ పని చూచేది కారా, అనగా కేంద్ర దత్తత వనరుల ప్రాధికార సంస్థ. అమెరికాలో ఉన్నవారు నేరుగా ఏ అనాథాశ్రమానికో ఫోను చేసి బిడ్డను మాట్లాడుకోవడానికి వీలు లేదు. అక్కడ గుర్తింపు పొందిన ఏజెన్సీ ద్వారా వెళ్ళాలి. సోషల్ వర్కరు ఇంటికి వచ్చి, భార్యాభర్తలను కలిపి, విడివిడిగా మాట్లాడి, జీతం, ఆరోగ్యం, పోలీసు రికార్డు, పడకగది, పొగ వస్తే మ్రోగే అలారం వరకు అన్నీ చూచి హోం స్టడీ వ్రాస్తుంది. తరువాత అమెరికా ఇమిగ్రేషన్ వారికి ఐ-800ఎ అనే ఫారం, వేలిముద్రలు. ఆ అనుమతి వచ్చాక కాగితాలన్నీ కారాకు చేరితే, అప్పుడు వరుసలో ఒక స్థానం.

ఈ ఫారం వేయడానికి దంపతులలో ఒకరికైనా అమెరికా పౌరసత్వం ఉండాలి. గ్రీన్ కార్డు మీద, హెచ్-1బి మీద ఉన్నవారికి దారి వేరు, అది చాలా చిక్కుగా ఉంటుంది. "ముందు ఇండియాలో దత్తత చేసుకొందాము, వీసా సంగతి తరువాత చూద్దాము" అని తొందరపడితే, బిడ్డ ఇక్కడ, తల్లిదండ్రులు అక్కడ ఉండిపోయే ప్రమాదమున్నది. ఒక్క అడుగు వేయక ముందే ఇమిగ్రేషన్ న్యాయవాదిని కలవండి.

మరొకటి. మన కుటుంబాలలో తరచుగా వినబడే మాట, "మా తమ్ముడి పిల్లను మేము దత్తత తీసుకొని అమెరికాలో చదివిస్తాము" అని. మన చట్టం ప్రకారం బిడ్డకు బంధువు అంటే పినతండ్రి పెదతండ్రి, మేనత్త, మేనమామ, పినతల్లి పెదతల్లి, అవ్వ తాతలు. అంతకు మించిన వరుసలు లెక్కలోకి రావు. తమ్ముడి పిల్ల లెక్కలోకి వచ్చినా అమెరికా చట్టం మరొకటి అడుగుతుంది. కన్న తల్లిదండ్రులు ఇద్దరూ బ్రతికి ఉంటే, బిడ్డను సరిగా పోషించలేని స్థితిలో వారున్నారని చూపించాలి. పిల్లకు పదహారేండ్లు నిండక ముందే ఫారం వేయాలి. మంచి చదువు చెప్పించాలన్న కోరిక మంచిదే గాని, దానికి దత్తత అని పేరు పెట్టకూడదు.

వరుసలో స్థానం దొరికింది. ఇక ఎంతకాలం? అంకెలు చూస్తే మీకే తెలుస్తుంది. 2024-25 సంవత్సరంలో కారా ద్వారా జరిగిన దత్తతలు 4,515. దేశం లోపల జరిగినవి వాటిలో 4,155. ఇటీవలి సంవత్సరాలలో నమోదు చేసుకొని కనిపెట్టుచున్న తల్లిదండ్రులు ముప్ఫై వేలకు పైమాటే. ఎన్ఆర్ఐలకు ఇక్కడి దంపతులతో సమానంగా వరుస ఇస్తారు. ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ కావాలంటే మూడు సంవత్సరాలు దాటడం మామూలైపోయింది. కాబట్టి సహోదరీ, నీ పేరు మీద పరలోకంలో ఏ అభ్యంతరమూ వ్రాయబడలేదు. నీ ముందు అంతమంది ఉన్నారు, అంతే.

"వీధుల్లో ఇంతమంది అనాథలున్నారు గదా, వరుస ఎందుకు?" అని అడుగుతారు. అనాథాశ్రమంలో కనబడే ప్రతి బిడ్డా దత్తతకు ఇవ్వదగిన బిడ్డ కాదు. చాలామందికి తల్లో, తండ్రో, అవ్వో ఉన్నారు. బీదరికం వలన, చదువు కోసం అక్కడ ఉంచారు. దొరికిన బిడ్డ విషయంలో ముందు సొంతవారి కోసం వెదకాలి. శిశు సంక్షేమ కమిటీ విచారణ జరిపి, బిడ్డ దత్తతకు చట్టరీత్యా విడుదలైనదని ప్రకటించాలి. రెండేండ్ల లోపు బిడ్డకు రెండు నెలలు, అంతకు పైబడిన బిడ్డకు నాలుగు నెలలు గడువున్నది. తల్లి తానే బిడ్డను అప్పగించినప్పుడు, మనసు మార్చుకోవడానికి ఆమెకు 60 రోజులిస్తారు.

ఈ అరవై రోజుల దగ్గర కొంచెం ఆగుదాము. పెండ్లికాని ఒక అమ్మాయి, లేక భర్త విడిచిన ఒక స్త్రీ, కాగితం మీద సంతకం చేసి వెళ్ళిపోతుంది. నెల తరువాత ఆమె తల్లి ఒప్పుకొంటుంది, లేదా ఒక పని దొరుకుతుంది, లేదా పాలు నిండిన రొమ్ములతో నిద్రపట్టక తిరిగి వస్తుంది. అప్పుడు ఆ బిడ్డ ఆమెదే. విమానానికి ఆవల కూర్చొని మీరు కనిపెట్టే దినములలో కొన్ని ఆమెకు చెందిన దినములు. మీ ప్రార్థనలో "ప్రభువా, త్వరగా" అనే మాటతో పాటు ఆమెను కూడ జ్ఞాపకము చేసికొనండి.

ఈ నిబంధనలు ఊరకే రాలేదు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 1999లోను, 2001లోను, తెలంగాణ ప్రాంతపు లంబాడా తండాల నుండి ఆడశిశువులను కొద్దిపాటి డబ్బుకు కొని, దొంగ కాగితాలు సృష్టించి, విదేశీ దత్తతలకు పంపిన ఉదంతాలు బయటపడ్డాయి. వార్తలలోకి ఎక్కిన సంస్థలలో క్రైస్తవ నామంతో నడిచేవి కూడ ఉన్నాయి. ఈ మాట చెప్పడానికి నాకు సంతోషం లేదు, కాని చెప్పకుండా దాటిపోవడం న్యాయం కాదు. ఆ బిడ్డలను ఎత్తుకోవడానికి సముద్రం అవతల ఎదురుచూచినవారు చెడ్డవారు కారు, వారిలో ప్రార్థనాపరులూ ఉన్నారు. కావాలనే వారి తొందర ఎంత ఎక్కువైతే, తెచ్చి ఇచ్చేవారి చేతులు అంత మురికి అయ్యాయి. దక్షిణ కొరియాలో దశాబ్దాల తరబడి జరిగిన విదేశీ దత్తతలను పరిశీలించిన ప్రభుత్వ కమిషన్ కూడ, బిడ్డల పుట్టుక వివరాలు తారుమారు చేయబడినవని 2025లో తేల్చి చెప్పింది. పెరిగి పెద్దవారైన ఆ బిడ్డలు ఇప్పుడు తమ తల్లులను వెదుకుకొంటున్నారు.

అందుచేత ఎవరైనా మీ దగ్గరకు వచ్చి, "ఫలానా ఆసుపత్రిలో ఒక బిడ్డ ఉన్నది, కారా గీరా అక్కరలేదు, నేను చూచుకొంటాను" అంటే ఆ మాట వినవద్దు. నిబంధనలకు బయట బిడ్డను తీసుకొంటే మూడు సంవత్సరాల వరకు జైలు. బిడ్డను అమ్మినా, కొన్నా ఐదు సంవత్సరాల వరకు కఠిన శిక్ష. శిక్ష సంగతి అలా ఉంచినా, బిడ్డకు పదిహేనేళ్ళు వచ్చి "నన్ను ఎక్కడ నుండి తెచ్చారు?" అని అడిగిన రోజున ఆ ఇంట్లో ఏమి జవాబు చెబుతారు?

ఇప్పుడు వాక్యం వైపు వద్దాము. మన తెలుగు బైబిలులో ఎదురుచూచుటకు "కనిపెట్టుట" అనే మాట ఉన్నది. ఈనాటి పిల్లలకు కనిపెట్టడం అంటే సైంటిస్టులు చేసే పని! మన పెద్దలకు అది వాకిట్లో కూర్చొని దారి వైపు కన్ను పెట్టడం. రోమా పత్రిక 8వ అధ్యాయంలో పౌలు రెండు సంగతులు చెప్పాడు. 15వ వచనంలో మనం దత్తపుత్రాత్మను ఇదివరకే పొందామంటాడు. 23వ వచనానికి వచ్చేసరికి, అదే దత్తత్వం కోసం మూలుగుతూ కనిపెడుతున్నామంటాడు. పొందినదాని కోసమే ఎదురుచూడడమేమిటి? మన విశ్వాస జీవితమంతా ఆ రెండు వచనాల మధ్య ఉన్నది. ఫోటో చూచి బిడ్డను తమదని అంగీకరించి, ఇంకా ఎత్తుకోలేని తల్లిదండ్రులకు ఈ వాక్యం మనకంటె బాగా అర్థమవుతుంది.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక. పౌలు వాడిన గ్రీకు మాట రోమా చట్టానికి చెందినది. రోమీయులు చాలాసార్లు ఎదిగిన పురుషులను వారసత్వం కోసం దత్తత తీసుకొనేవారు. చక్రవర్తి ఔగుస్తు తిబెరియను అలాగే తీసుకొన్నాడు, అప్పటికి తిబెరికి నలభై దాటాయి. పౌలు ఆ పోలికతో దేవుని కృపను చెప్పాడే గాని, దత్తత తీసుకొన్న తల్లిదండ్రులను దేవుని స్థానంలో నిలబెట్టలేదు. కొందరు ప్రసంగీకులు ఈ పోలికను సాగదీసి, దత్తత బిడ్డను నశించిపోతుండగా రక్షింపబడినవానిగా వర్ణిస్తారు. నాకు అది నచ్చదు. ఆ బిడ్డ జీవితమంతా కృతజ్ఞత చెల్లించుకోవలసిన అప్పుదారుడు కాదు. బిడ్డకు కుటుంబం అవసరం, మీకు బిడ్డ కావాలి. అంతకంటె పెద్ద మాటలు వద్దు.

సరే, ఈ మూడు సంవత్సరాలు ఇల్లు ఎలా నడవాలి? నిజమైన కష్టమంతా ఇక్కడే ఉన్నది. ఆఫీసు ఆగదు, ఇంటి అప్పు ఆగదు, ఆదివారం బడి పాఠం ఆగదు. దత్తత మాత్రం ఎప్పుడు కదులుతుందో తెలియదు. నెలల తరబడి ఒక్క ఈమెయిల్ ఉండదు. ఉన్నట్టుండి ఒక రాత్రి బిడ్డ ఫోటో, వైద్య నివేదిక వస్తాయి. ఎన్ఆర్ఐలకు ఆ బిడ్డను తమకని ఉంచుకోవడానికి 96 గంటలు మాత్రమే గడువు. ఆ నాలుగు రోజుల్లో ఒకరు టూరులో ఉండవచ్చు, ఒకరికి నైట్ డ్యూటీ ఉండవచ్చు. అందుకే ఆ నివేదిక చదివి చెప్పగల పిల్లల డాక్టరును ముందే మాట్లాడి పెట్టుకోండి. ఏ జబ్బులైతే మీరు చూచుకోగలరో, ఏవి చూచుకోలేరో భార్యాభర్తలు తీరికగా ఉన్నప్పుడే మాట్లాడుకోండి. ఫోటో చూచిన తరువాత ఆ మాట నోట రాదు.

ప్రత్యేక అవసరాలున్న బిడ్డల జాబితా వేరుగా ఉంటుంది, అక్కడ నిరీక్షణ తక్కువ. పిలుపు ఉన్నవారు ఆ వైపు వెళ్ళండి, దేవుడు మిమ్మును బలపరచును గాక. వరుస తప్పించుకోవడానికి మాత్రం ఆ వైపు వెళ్ళకండి. వినికిడి లేని బిడ్డ దగ్గరి దారి కాదు.

కాగితాలకు ఆయుష్షు ఉంటుంది. అమెరికా వారి అనుమతి 15 నెలలు, తరువాత పొడిగించుకోవాలి. పాస్‌పోర్టుకు గడువు, వైద్య పరీక్షలకు గడువు. ఇల్లు మారినా, ఉద్యోగం మారినా, భార్య గర్భవతి అయినా ఏజెన్సీకి తెలియజేయాలి, హోం స్టడీ సరిచేయించాలి. దీనికి భయపడి కొందరు జీవితాన్నే నిలిపివేస్తారు. మంచి ఉద్యోగం వచ్చినా వెళ్ళరు. చెల్లెలి పెండ్లికి ఇండియా రారు. మూసిన గదిలో ఊయల పెట్టి, ఆ తలుపు తీయడానికి భయపడతారు. ప్రియులారా, నా ఆలోచన ఇది. ఉద్యోగం అవసరమైతే మారండి, కాగితం మార్చుకోవచ్చు. చెల్లెలి పెండ్లికి రండి. కాగితాల పని వారంలో ఒక సాయంత్రానికి కట్టివేయండి. మిగతా ఆరు రోజులు ఈమెయిల్ పెట్టెను గంటకోసారి తెరవవలసిన పని లేదు, ఏజెన్సీ వారు ఫోను చేస్తారు. దినమెల్లా ఊయల వైపు చూచే ఇంట్లో భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూచుకోవడం మానేస్తారు.

ఇంట్లో ముందే ఒక బిడ్డ ఉంటే, వాడు కూడ కనిపెడుతున్నాడు. "చెల్లి వచ్చే నెల వస్తుంది" అని చెప్పకండి. నాలుగేండ్ల బిడ్డకు వచ్చే నెల అంటే వచ్చే నెలే. డబ్బు విషయంలో అమెరికాలో దత్తత ఖర్చులకు పన్ను రాయితీ ఉన్నది. అర్హత ఉన్న ఉద్యోగులకు 12 వారాల వరకు జీతం లేని సెలవు చట్టరీత్యా దొరుకుతుంది. ఆ సెలవును కాపాడుకోండి, ముందే ఖర్చు చేయకండి.

ఒక్కోసారి తలుపే మూయబడుతుంది. 2004లో అమెరికా కుటుంబాలు ఇతర దేశాల నుండి దాదాపు 23,000 మంది బిడ్డలను తెచ్చుకొన్నాయి. 2023లో ఆ సంఖ్య 1,300 కూడ దాటలేదు. 2013లో రష్యా, 2018లో ఇథియోపియా ఆపివేశాయి. 1992 నుండి ఎనభై వేలకు పైగా బిడ్డలను అమెరికాకు పంపిన చైనా 2024లో ఆపివేసింది. బిడ్డ ఫోటో గోడకు పెట్టుకొని కోవిడ్ కాలం నుండి కనిపెట్టుచున్న వందలాది కుటుంబాలకు ఆ వార్త ఒక మరణవార్తే. మీ ఊరి అమెరికన్ సంఘంలో అలాంటి కుటుంబం ఉంటే, "దేవుని చిత్తం" అని తేలికగా అనవద్దు. వెళ్ళి కూర్చోండి. కీర్తనలలో సమాధానం రాని మొరలు కూడ ఉన్నాయి, దేవుడు వాటిని తన గ్రంథంలో నుండి తీసివేయలేదు.

సంఘస్థులకు నాలుగు మాటలు. ప్రతి ఆదివారం "ఇంకా రాలేదా?" అని అడగకండి. నెలకు ఒకసారి భోజనానికి పిలవండి, వారే చెబుతారు. బిడ్డ వచ్చిన తరువాత "ఎవరి బిడ్డ? ఏ కులం?" అని అడిగేవారు మన సంఘాలలో ఉన్నారు, నేను విన్నాను. బాప్తిస్మపు నీటిలో నుండి లేచిన నోటితో ఆ ప్రశ్న ఎలా వస్తుందో! పేరు మార్చే విషయంలో కూడ తొందర వద్దు. ఎస్తేరుకు హదస్సా అనే పేరు కూడ ఉండేదని వాక్యం జాగ్రత్తగా వ్రాసి పెట్టింది. తల్లిదండ్రులు లేని ఆమెను మొర్దెకై పరాయి దేశంలో కుమార్తెగా పెంచాడు. ఆరేండ్ల బిడ్డ తనతో తెచ్చుకొనే ఒకే ఒక సొత్తు తన పేరు. క్రొత్త పేరు పెట్టినా, పాతది ప్రక్కన ఉండనివ్వండి.

చివరి దశ గబగబా జరుగుతుంది. కారా అభ్యంతరం లేదని పత్రం ఇస్తుంది. 2022 సెప్టెంబరు నుండి దత్తత ఉత్తర్వు కోర్టుకు బదులు జిల్లా మేజిస్ట్రేటు ఇస్తున్నారు. పాస్‌పోర్టు, ఢిల్లీలో వీసా, ప్రయాణం. దత్తత ఇండియాలోనే పూర్తయి ఆ వీసాతో అమెరికాలో అడుగుపెట్టిన బిడ్డకు పౌరసత్వం చట్టరీత్యా వచ్చేస్తుంది. రెండు సంవత్సరాల వరకు సోషల్ వర్కరు వచ్చి నివేదికలు వ్రాస్తుంది, మొత్తం ఆరు. దానిని అనుమానంగా తీసుకోకండి.

తల్లిదండ్రులు గుంటూరువారైనా బిడ్డ మహారాష్ట్ర నుండో ఒడిశా నుండో రావచ్చు. అప్పుడు ఆ బిడ్డకు తెలుగూ రాదు, ఇంగ్లీషూ రాదు. ఫోటో వచ్చిన నాటి నుండి ప్రయాణం వరకు ఉన్న వారాలలో ఆ భాషలో ఇరవై మాటలు నేర్చుకోండి. ఆకలి, నొప్పి, నీళ్ళు, నిద్ర, భయం లేదు, నేనిక్కడే ఉన్నాను. వచ్చిన మొదటి ఆదివారమే బిడ్డను వేదిక మీదికి పిలిచి సాక్ష్యం చెప్పించకండి. డ్రమ్ములు, మైకులు, వంద చేతులు, అన్నీ ఒక్కసారిగా వద్దు. ఆశ్రమంలో ఎవరు ఎత్తుకొంటే వారి దగ్గరకు వెళ్ళడం అలవాటైన బిడ్డకు, అమ్మ అంటే ఈమె ఒక్కతే అని తెలియడానికి సమయం పడుతుంది. అందుకని మొదటి కొన్ని నెలలు అన్నం తినిపించడం, స్నానం చేయించడం, నిద్రపుచ్చడం ఆ తల్లిదండ్రుల చేతులతోనే జరగాలి. ఇండియా నుండి సాయం కోసం విమానమెక్కే అమ్మమ్మగారూ, నాయనమ్మగారూ, మీకు ఎత్తుకోవాలని చేతులు పీకుతాయని నాకు తెలుసు. పప్పన్నం మీరే వండండి, ముద్ద మాత్రం తల్లినే పెట్టనివ్వండి.